గెడ్డ వెంట దిగితే ఊరు వస్తుందా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం నుంచి అమెరికాకు చదువులకు వెళ్లిన పిల్లలు సెలవుల్లో అక్కడి ఎడారి రాష్ట్రాలలోని రాతిలోయలకు వెళ్తున్నారు, ఇక్కడ పెద్దలు దిగులు పడుతున్నారు. అటవీశాఖలో ముప్పై ఏళ్లు రాయగడ, కొరాపుట్ కొండల్లో పనిచేసి, తప్పిపోయినవారి కోసం ఎన్నోసార్లు గాలింపులో తిరిగినవాడిని. విరమణ తరువాత మా అమ్మాయి దగ్గర అరిజోనాలో కొన్నాళ్లు ఉన్నాను. తెలిసినంత మేరకు జవాబు చెబుతాను.

ప్రశ్న: మా అబ్బాయి అరిజోనాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. సెలవు వస్తే చాలు, స్నేహితులతో కలిసి కారులో రాతిలోయలకు బయలుదేరతాడు. రెండేసి రోజులు ఫోను పలకదు. అడిగితే "ఏమైనా అయితే హెలికాప్టర్ వస్తుందిలే అమ్మా" అంటాడు. అక్కడ మనిషి తప్పిపోతే నిజంగా ఎలా వెతుకుతారు? ఇంత దూరాన ఉన్న నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక తల్లి, బరంపురం

సమాధానం: అమ్మా, మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మీరు చేయగలిగింది చాలా ఉంది. హెలికాప్టర్ దానంతట అది రాదు. ఫలానా మనిషి ఫలానా వేళకు తిరిగి రాలేదని ఎవరో ఒకరు చెప్పిన తరువాతే అది గాలిలోకి లేస్తుంది. 2003 ఏప్రిల్ 26న ఆరన్ రాల్‌స్టన్ అనే యువకుడు యూటా రాష్ట్రంలోని బ్లూజాన్ కేనియన్ అనే ఇరుకు రాతిలోయలో ఒంటరిగా దిగుతుండగా, సుమారు 360 కిలోల బండ కదిలి అతని కుడిచేతిని రాతిగోడకు అదిమిపట్టింది. ఎక్కడికి వెళ్తున్నదీ అతడు ఎవరికీ చెప్పలేదు కాబట్టి మొదటి రోజుల్లో వెతికేవారే లేకపోయారు. ఐదు రోజులు దాటిన తరువాత తన చేతిని తానే కోసుకుని బయటపడి, నడిచి వస్తూ దారిలో ఒక కుటుంబానికి ఎదురయ్యాడు. ఆ సరికి అతడు పనిలోకి రాలేదన్న సంగతి ఇంటికి తెలిసి, తల్లీ స్నేహితులూ పట్టుదలగా ఆరా తీయడంతో, అతని ట్రక్కు ఆగి ఉన్న చోటు దొరికి, హెలికాప్టర్ ఆ ప్రాంతంలోనే గాలిస్తోంది. అందువల్లనే అతనిని వెంటనే ఆసుపత్రికి చేర్చగలిగారు. ఎక్కడో దూరాన ఉన్న తల్లి వేసిన ప్రశ్నలు కూడా గాలింపులో భాగమేనని మీరు నమ్మాలి.

కాబట్టి బయలుదేరే ముందు రోజు అబ్బాయి చేత ఒక కాగితం రాయించి, దాని ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. కారు నంబరు, రంగు, దానిని ఎక్కడ నిలుపుతారు, ఏ కాలిబాటన ఎక్కడి వరకు వెళ్తారు, వెంట ఎవరెవరు ఉన్నారు, వారి ఫోను నంబర్లు, వేసుకున్న చొక్కా రంగు, ఎన్ని లీటర్ల నీళ్లు పట్టుకెళ్తున్నారు, వేసుకునే మందులు ఏమిటి, ఇవన్నీ అందులో ఉండాలి. బూట్ల అడుగుభాగానికి తీసిన ఫోటో కూడా దానికి జతచేయించండి. ఇది ఎందుకో కాస్త ముందుకు వెళ్లాక చెబుతాను. అన్నిటికన్నా ముఖ్యమైనది, "ఈ వేళకు కబురు రాకపోతే ఫోను చెయ్యి" అన్న గడువు. ఆ గడువును అరిజోనా సమయంలోనూ మన సమయంలోనూ రాయించండి. అరిజోనా మనకన్నా పన్నెండున్నర గంటలు వెనుక ఉంటుంది. పక్కనే ఉన్న యూటా వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుకుంటుంది, అరిజోనాలో చాలాచోట్ల జరపరు. సరిహద్దు దాటి వెళ్లే పిల్లలు ఆ గంట దగ్గర పొరబడడం సులభం.

ఇంకొక సంగతి. అక్కడి అత్యవసర నంబరు 911 అని అందరికీ తెలుసు, కానీ ఇక్కడి నుంచి ఆ నంబరు నొక్కితే అక్కడికి వెళ్లదు. జాతీయ పార్కులలో గాలింపు బాధ్యత అక్కడి రేంజర్లది, పార్కు బయట ఆ కౌంటీ (మన జిల్లా వంటిది) షెరీఫ్ అనే పోలీసు అధికారి కార్యాలయానిది. వెళ్లే చోటు ఎవరి కిందికి వస్తుందో అబ్బాయినే అడిగి, వారి మామూలు ఫోను నంబరును దేశపు కోడుతో సహా ఆ కాగితం మీదే రాసిపెట్టుకోండి. ఇరవై నాలుగు గంటలు గడిస్తేగాని ఫిర్యాదు తీసుకోరన్న మాట వట్టి అపోహ. గడువు దాటగానే ఫోను చేయవచ్చు, చేయాలి కూడా.

ఇక వెతికే తీరు. కబురు అందగానే మొదట చూసేది కారును. కాలిబాట మొదలయ్యే చోట కారు ఉన్నదంటే మనిషి లోపల ఉన్నాడని అర్థం, లేదంటే గాలింపు రూపమే మారిపోతుంది. తరువాత అతనిని చివరిసారి ఎవరు ఎక్కడ చూశారు, చివరి సందేశం ఏ టవరు నుంచి వచ్చింది అన్నవి కనుక్కుని పటం మీద ఒక చుక్క పెడతారు. దాని చుట్టూ ఉన్న దారి మలుపుల దగ్గర మనుషులను నిలబెట్టి, తప్పిపోయినవాడు ఆ పరిధి దాటి పోకుండా చూస్తారు. ఇద్దరు ముగ్గురు చురుకైనవారు, బరువులు తగ్గించుకుని, అతను వెళ్లి ఉండగల దారిన వేగంగా నడుస్తారు. చాలామంది ఈ తొలి విడతలోనే దొరుకుతారు.

అలా దొరకనప్పుడు పటాన్ని ముక్కలుగా విభజించి, ఏ ముక్కలో ఉండే అవకాశం ఎంత అని అంకెలు వేస్తారు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నౌకాదళం కోసం జలాంతర్గాములను వెతికే పద్ధతులపై బెర్నార్డ్ కూప్‌మన్ అనే గణితవేత్త చేసిన పని దీనికి పునాది. ఒక లోయను గాలించి మనిషి కనబడకపోతే "అక్కడ లేడు" అని కొట్టివేయరు. ఆ లోయకు వేసిన అంకెను తగ్గించి, మిగతా లోయల అంకెలను పెంచుతారు. బండ నీడలో స్పృహ తప్పి పడి ఉన్న మనిషి పది అడుగుల దూరాన నడిచిన వారికి కూడా కనబడకపోవచ్చు కదా! నేను గాలింపులకు తిరిగిన రోజుల్లో ఈ లెక్క మాకు తెలియదు. "ఆ పక్క చూసేశాం" అన్న ఒక్క మాటతో ఎన్ని కొండలను వదిలేశామో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

హెలికాప్టర్‌కూ పరిమితులు ఉన్నాయి. ఎండకు వేడెక్కిన గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది. మధ్యాహ్నం రాళ్లు మనిషి ఒంటికన్నా వేడిగా ఉంటాయి కాబట్టి, వేడిని బట్టి మనిషిని పట్టే కెమెరా అప్పుడు అంతగా పనికిరాదు, తెల్లవారుజామున బాగా పనిచేస్తుంది. ఇరుకు లోయలోకి అది దిగలేదు. అటువంటి చోట రక్షకుడిని పొడవాటి తాడుకు వేలాడదీసి హెలికాప్టర్‌తో దించుతారు, లేదా అంచు నుంచి తాళ్లపై మనుషులు దిగుతారు. కుక్కలకు రాతి వేడి అరికాళ్లను కాలుస్తుంది. లోయల్లో గాలి పగలు పైకి, రాత్రి కిందికి వీస్తుంది కనుక, వాసన ఏ వేళకు ఎటు పోతుందో ఎరిగి వాటిని నడిపించాలి.

ఇప్పుడు బూటు సంగతి. గట్టి రాతిమీద జాడ పడదు, ఎండిన వాగు ఇసుకలో పడుతుంది. ఆ అడుగును నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు చూస్తే ఏమీ కనబడదు. పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడే వేళ, అడుగు మనకూ సూర్యుడికీ మధ్య ఉండేలా మోకాళ్లమీద కూర్చుని చెంప నేలకు ఆనేంత కిందికి వంగితే, మడమ అంచున వేలెడు వెడల్పు నీడ లేస్తుంది. ఆ నీడలో అడ్డగీతలు ఎన్ని, మధ్యలో నక్షత్రం ఉన్నదా, గుండ్రం ఉన్నదా అని చూస్తాం. ఒక కర్రపై అడుగు పొడవుకు ఒక గాటు, అడుగుకూ అడుగుకూ మధ్య దూరానికి మరొక గాటు పెట్టి, ఆ కర్రను చివరి అడుగు దగ్గర ఆనించి తిప్పితే, తరువాతి అడుగు ఆ వంపులో ఎక్కడో ఉంటుంది. వందమంది విహారయాత్రికులు తొక్కిన ఇసుకలో మీ అబ్బాయి అడుగు ఏదో చెప్పగలిగేది మీ దగ్గర ఉన్న ఆ ఫోటో ఒక్కటే.

ప్రశ్న: అడవిలో దారి తప్పితే గెడ్డ (కొండవాగు) వెంట కిందికి దిగితే ఏదో ఒక ఊరు వస్తుందని మా తాతగారు చెప్పేవారు. పిల్లలకు నేనూ అదే చెబుతున్నాను. ఎడారి లోయల్లో కూడా ఇది పనికివస్తుందా?
– ఒక ఉపాధ్యాయుడు, రాయగడ

సమాధానం: మాస్టారూ, అక్కడ ఇది ప్రాణం తీసే సలహా. మీ తాతగారి మాటలో తప్పు లేదు. మన కొండల్లో గెడ్డ పక్కన పొలం, పొలం పక్కన ఊరు ఉంటాయి. ఎడారి రాతిలోయలో నీటిదారి ఊరికి పోదు. వానలు పడినప్పుడు మాత్రమే పారే ఆ దారి అంతకంతకూ ఇరుకై, ఎండిన జలపాతం అంచున హఠాత్తుగా ఆగిపోతుంది. మనిషి రెండు మూడు నిలువుల నున్నటి బండలను జారి దిగేస్తాడు, ఆ తరువాతి అంచు ముప్పై నిలువులు ఉంటుంది. కిందికి దిగలేడు, జారి వచ్చిన బండను తిరిగి ఎక్కలేడు. దారి తప్పినవారు సహజంగా పల్లానికే పోతారు కనుక, గాలించేవారు ఇలాంటి అంచులను ముందుగా చూస్తారు.

ఇది మన దగ్గరా జరగకపోలేదు. గుణుపురం పైకొండల్లో వనభోజనానికి వచ్చిన ఒక కుర్రవాడు సాయంత్రం స్నేహితుల నుంచి విడిపోయి, గెడ్డ పట్టుకుని దిగుతూ జలపాతం నడిమి అరుగు మీద చిక్కుకున్నాడు. రాత్రంతా కేకలు వేశాడు. మాకు ఆ కేకలు ఎదుటి కొండ నుంచి వినిపించాయి. మేం ఆ కొండ ఎక్కి, తెల్లవారాక అక్కడ నిలబడి చూస్తే, అతను మేం బయలుదేరిన వైపే, మా డేరాకు సరిగ్గా దిగువన, తడి చొక్కాతో ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. రాతిగోడల మధ్య కేక ఎటు నుంచి వచ్చిందో చెవి చెప్పలేదు. అందుకే కేకకన్నా కంటికి కనబడే గుర్తు మేలు. అద్దం తళుకు, ఆరుబయటి బండపై పరచిన రంగు గుడ్డ, రాత్రి టార్చి పనికివస్తాయి. విజిల్ ఊదితే మూడేసిసార్లు ఊదాలి, మూడు అంటే ఆపద అని అక్కడివారు గుర్తిస్తారు. దారి తప్పానని తెలిసిన క్షణంలోనే ఆగి, నీడలో కూర్చుని, అక్కడే ఉండమని పిల్లలకు నేర్పండి. కదిలే మనిషి కోసం వెతకవలసిన మేర గంటగంటకూ పెరిగిపోతుంది.

నీటిదారిలో ఉండకూడదనడానికి మరొక కారణం వరద. కాలహండి కొండల్లో కుండపోత కురిస్తే రాయగడలో ఆకాశం తేటగా ఉండగానే నాగావళి ఎర్రబడి పెరగడం మీరు చూసే ఉంటారు. అరిజోనాలో పేజ్ పట్టణం దగ్గరి యాంటిలోప్ కేనియన్‌లో 1997 ఆగస్టు 12న అదే జరిగింది. మైళ్ల దూరాన కురిసిన వాన తాలూకు నీరు ఒక్కసారిగా ఆ ఇరుకు లోయలోకి దూసుకువచ్చి 11 మంది యాత్రికులను బలితీసుకుంది. రాతికి, గట్టి నేలకు నీరు ఇంకించుకునే గుణం లేదు, అటూ ఇటూ ఎక్కడానికి గట్టు లేదు. పారే నీరు బురదగా మారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకువచ్చినా, రైలు వస్తున్నటువంటి హోరు వినబడినా, సామాను వదిలేసి ఎంత ఎత్తుకు ఎక్కగలిగితే అంత ఎత్తుకు ఎక్కాలి.

ప్రశ్న: మా వేసవికి అలవాటుపడిన పిల్లలకు అక్కడి ఎండ ఒక లెక్కా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: లెక్కే. మన ఎండలో చెమట ఒంటిమీద కనబడుతుంది. అక్కడి పొడిగాలిలో చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది కాబట్టి ఎంత నీరు పోతున్నదో మనిషికి తెలియదు. పైగా కొండ ఎక్కేవాడు ముందు శ్రమపడి, అలిసినప్పుడు దిగుతాడు. గ్రాండ్ కేనియన్‌లో అంతా తలకిందులు. సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్న దక్షిణపు అంచు నుంచి చల్లని ఉదయాన హాయిగా దిగి, అంచుకన్నా ఎంతో వేడిగా ఉండే అడుగున కొలరాడో నదిని చూసి, మిట్టమధ్యాహ్నం 1,300 మీటర్లకు పైగా ఎక్కవలసి వస్తుంది. మీ ఎదుట ఉన్న మహేంద్రగిరి 1,501 మీటర్లు. దాదాపు అంత కొండను, నీళ్లు అయిపోయిన సీసాతో, ఎండలో ఎక్కడమన్నమాట. అందుకే నదికి దిగి అదే రోజు తిరిగి రావద్దనీ, వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో నడవవద్దనీ రేంజర్లు చెబుతారు. 1997 నుంచి అక్కడ కాలిబాటలపై మనుషులను పెట్టి, దిగేవారిని ఆపి, నీళ్లు ఎన్ని ఉన్నాయి, తినడానికి ఏముంది అని అడిగి, సరిపోవనుకుంటే వెనక్కి తిరగమని నచ్చజెబుతున్నారు. గాలింపులో అత్యుత్తమమైన పని ఇదేనని నా అభిప్రాయం.

ఒట్టి నీళ్లే అదేపనిగా తాగడమూ ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడి వాంతులు, తల తిరగడం, మతి తప్పడం వస్తాయి. ఉప్పు మజ్జిగ, గంజి, పఖాళం (నీళ్లలో నానిన చద్దన్నం) తిని పొలానికి వెళ్లే మనవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పిల్లల సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు, ఉప్పు వేసిన పల్లీలు ఉండాలి. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతున్నారంటే వడదెబ్బ ముదిరిందని తెలుసుకుని, నీడకు చేర్చి, బట్టలు తడిపి విసురుతూ, సాయం కోసం కబురు చేయాలి.

ప్రశ్న: ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం మా మేనల్లుడు అక్కడ కొన్నాడు. ఈసారి వస్తూ దేవమాలి ఎక్కడానికి తెస్తానంటున్నాడు. తేవచ్చా?
– ఒక పాఠకురాలు, జయపురం

సమాధానం: వద్దనండి. అక్కడ అది నిజంగా ప్రాణరక్షకం. టవరు లేని చోట నుంచి కూడా ఎక్కడ ఉన్నదీ తెలుపుతుంది, కొత్త ఐఫోన్లకు కూడా అమెరికాలో ఆ సదుపాయం ఉంది. అయితే ఆకాశం సన్నని చారలా కనబడే ఇరుకు లోయలో అది పలకకపోవచ్చు, కాబట్టి దానిని నమ్మి ఇంట్లో కాగితం ఇవ్వడం మానరాదు. మన దేశంలో మాత్రం టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లను, ఇటువంటి పరికరాలను వెంట ఉంచుకోవడం నేరం. తెలియక తెచ్చిన విదేశీ యాత్రికులు మన విమానాశ్రయాలలో అరెస్టు అయ్యారు. పరికరాన్ని అక్కడే స్నేహితుడి ఇంట్లో వదిలి రమ్మనండి. దేవమాలికి బయలుదేరేటప్పుడు ఊరివాడిని ఒకరిని తోడు తీసుకుని, తిరిగి వచ్చే వేళ మీకు చెప్పి, ఫోనులో 112 ఉంచుకుంటే చాలు.