చింతపండు రసంతో ఒంట్లోని ఫ్లోరైడ్ పోతుందా?

కొంత పోతుంది, మూత్రం ద్వారా. దానితో మీ నాన్నగారి నడుము బిగుతు సడలుతుందా, మీ బాబు పళ్ల మీది గోధుమరంగు చారలు పోతాయా అని అడిగితే, ఆ మాట ఏ పరిశోధనా చెప్పలేదు. మీకు వాట్సాప్‌లో వచ్చిన సందేశంలో "హైదరాబాద్ శాస్త్రవేత్తలు నిరూపించారు, నలభై రోజులు పరగడుపున చింతపండు రసం తాగండి" అని ఉందన్నారు. మొదటి సగంలో కాస్త నిజం ఉంది. రెండో సగం ఎవరో ఇంట్లో కూర్చుని కలిపింది.

నేను డాక్టరును కాను. అనంతపురం జిల్లా కల్యాణదుర్గం వైపు పల్లెల్లో జరిగిన ఒక ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు) సర్వేలో పనిచేశాను. పిల్లల పళ్లు చూసి గ్రేడు రాసుకోవడం, నీళ్లు, మూత్రం నమూనాలు సేకరించడం నా పని. ఆ రోజుల్లో మా బృందంలోనూ ఈ చింతపండు చర్చ వచ్చింది కాబట్టి అసలు అధ్యయనం చదివాను.

అది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లది, 2002లో అచ్చయింది. ఒక హాస్టల్లో ఆరోగ్యంగా ఉన్న మగపిల్లలకు మధ్యాహ్న భోజనంతో పాటు రోజూ 10 గ్రాముల చింతపండు, 18 రోజులు పెట్టారు. చివరిదాకా నిలిచింది 18 మంది. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 మిల్లీగ్రాముల నుంచి 4.8కి పెరిగింది. ఫ్లోరోసిస్ ముదరడాన్ని ఇది ఆలస్యం చేయవచ్చని మాత్రమే వాళ్లు రాశారు. పరగడుపు మాట అందులో లేదు. నొప్పి తగ్గిందా అని ఎవరూ కొలవలేదు, ఎందుకంటే ఆ పిల్లలకు నొప్పే లేదు. తర్వాత 2004లో ఫ్లోరైడ్ ప్రాంతపు కుర్రాళ్ల మీదే మరో అధ్యయనం వచ్చింది. అక్కడ ముందు ఫ్లోరైడ్ తీసేసిన నీళ్లు ఇచ్చి, ఆ పైన చింతపండు పెట్టారు. నీళ్లు మార్చారన్న ఈ సంగతిని మీ సందేశం రాసిన మహానుభావుడు సుబ్బరంగా వదిలేశాడు.

అయినా మన జిల్లాలో చింతపండు తినని ఇల్లు ఏది? పప్పుచారు, పులుసు, పుల్లగూర, పులిహోర. చింతపండే మందయితే అనంతపురం పల్లెల్లో మెడ తిప్పలేని ముసలివాళ్లు కనిపించేవారే కాదు.

ఇలాంటి అంకెలు ఎలా వస్తాయో కూడా ఒకసారి చూడండి. ఇరవై నాలుగు గంటల మూత్రం కావాలని చెప్పి ప్లాస్టిక్ డబ్బా ఇచ్చేవాళ్లం. గాజు సీసా పనికిరాదు, ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తప్పిస్తుంది. పిల్లవాడు బడికి పోతాడు, అక్కడ రెండుసార్లు గోడ పక్కన కానిచ్చి వస్తాడు. సాయంత్రం డబ్బాలో సగమే ఉంటుంది. అడిగితే వాళ్లమ్మ "అంతే పోశాడు సార్" అంటుంది. అలాంటి డబ్బాలను పక్కన పెట్టేయడం తప్ప చేసేదేమీ లేదు. హాస్టల్లో పిల్లలను పెట్టి చేయడంలో ఉన్న సుఖం అదే, తిండీ నీళ్లూ చేతిలో ఉంటాయి. మన ఇళ్లలో ఉండవు.

నీళ్ల ప్రశ్న అంతకన్నా తికమక. "ఏ నీళ్లు తాగుతారమ్మా?" అంటే దాదాపు అందరూ "ఫిల్టర్ నీళ్లే" అనేవారు. గడప పక్కన ఇరవై లీటర్ల క్యాను కనిపించేది కూడా. లోపలికి వెళితే పొయ్యి మీద ఎసరు మరుగుతుండేది, బోరు నీళ్లతో. కొన్న నీళ్లను వంటకు పోయడానికి ఎవరికైనా చేయి రాదు మరి. కానీ అన్నం ఆ నీళ్లను పీల్చుకుంటుంది, సంగటి అయితే ఎసరంతా ముద్దలోకే. పప్పు, చారు, టీ సరేసరి. పైగా మరిగిస్తే ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి ఇంకాస్త చిక్కబడుతుంది. కాబట్టి మీ ఇంట్లో మొదట మార్చవలసింది ఎసరు నీళ్లు. క్యాను రెట్టింపు ఖర్చవుతుంది, నిజమే. చింతపండుకు పెట్టే డబ్బు ఇటు పెట్టండి.

కాచి వడపోసినా, క్యాండిల్ ఫిల్టర్ పెట్టినా, బ్లీచింగ్ కలిపినా ఫ్లోరైడ్ పోదు. ఆర్వో తీస్తుంది, యాక్టివేటెడ్ అల్యూమినా అనే గుళికల ఫిల్టరూ తీస్తుంది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతీ తగ్గిస్తుంది, అయితే దానికి కొలత తెలిసినవాళ్లు కావాలి.

మీ బాబుకు ఆరేళ్లన్నారు. వచ్చేసిన పంటి మీది చార ఏం తిన్నా పోదు. పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే పడిన మరక అది. కానీ అతనికి ఇంకా రావలసిన పళ్లున్నాయి, సుమారు ఎనిమిదేళ్ల దాకా వాటి పింగాణీ, అంటే పంటి గట్టి పైపొర, తయారవుతూనే ఉంటుంది. నీళ్లు ఇప్పుడు మార్చినా లాభమే. పాలు, పెరుగు, రాగులు, ఉసిరి, జామ పెట్టండి. పేస్టు బఠాణీ గింజంత చాలు, మింగకుండా చూడండి.

నాన్నగారి విషయంలో తొందరపడి ఫ్లోరోసిస్ అని తేల్చేయకండి. అరవై దాటినవారి నడుము నొప్పికి నూరు కారణాలు. ఎముకల డాక్టరు దగ్గర ముంజేతి ఎక్స్‌రే కూడా తీయించండి. అక్కడి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడితే అందులో తెలుస్తుంది. కిడ్నీ పరీక్ష కూడా అడగండి. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీలే, అవి మందగిస్తే అది ఒంట్లో ఎక్కువగా నిలుస్తుంది. ఆయనకు గ్యాస్ మంట ఉందన్నారు కాబట్టి పరగడుపు చింతపండు రసం అసలే వద్దు.

ఇవన్నీ చేసేలోగా నీళ్లు పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ప్రయోగశాలలున్నాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. మనది గ్రానైటు నేల, పక్కపక్క బోర్లలోనే తేడా ఉంటుంది, పొరుగింటి రిపోర్టు మీకు పనికిరాదు. కాసేపు బోరు ఆడనిచ్చి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో తొలిచి నింపండి. ఇంటి బోరు, పొలం బోరు రెండూ వాడుతుంటే రెండు సీసాలు, ఏది ఏదో పైన రాసి మరీ ఇవ్వండి.