పరిశోధకురాలా, మతగురువా? ముందు అది తేల్చుకోండి

ప్రశ్న: చరిత్ర ప్రధానాంశంగా డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాల్లో అధికారం ఎవరి చేతిలో ఉంటుంది, అది వారికి ఎలా వస్తుంది అనే అంశంపై పీజీ, ఆపై పరిశోధన చేయాలని ఉంది. దీనికి భవిష్యత్తు ఉందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఇందులో రెండు దారులున్నాయి. మతగురువు కావాలంటే చదువొక్కటే చాలదు, ఆ మత సమాజం మిమ్మల్ని అంగీకరించాలి. పరిశోధనకు మీ విశ్వాసంతో పనిలేదు. మీ ప్రశ్నను బట్టి మీది రెండో దారే అనుకుని రాస్తున్నాను.

ఈ అంశం ఎంచుకున్నవారిలో చాలామంది ప్రతి మతంలోనూ ఒక పోప్‌ను వెతకడంతో మొదలుపెడతారు. నిజానికి పోప్ పదవే ఒక మినహాయింపు. 80 ఏళ్లలోపు కార్డినళ్లు (కాథలిక్ చర్చిలో పోప్ తర్వాతి స్థాయి మతాధికారులు) మూడింట రెండొంతుల ఆధిక్యంతో ఆయనను ఎన్నుకుంటారు. ప్రపంచంలోని కాథలిక్కులందరికీ ఆయన మాట వర్తిస్తుంది. క్రైస్తవంలోనే ప్రొటెస్టంట్లు దీన్ని ఒప్పుకోరు. యూదుల్లో వంశపారంపర్య యాజకులు ఉండేవారు. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం ఆలయాన్ని ధ్వంసం చేయడంతో బలులు ఆగిపోయాయి, క్రమంగా పెద్దరికం ధర్మశాస్త్రం తెలిసిన రబ్బీలకు దక్కింది. అయినా సామూహిక ప్రార్థనకు పదిమంది వయోజనులుంటే చాలు, రబ్బీ ఉండి తీరాలనేమీ లేదు.

ఇస్లాంలో ఇంకా ఆసక్తికరం. సున్నీల్లో ముఫ్తీ, అంటే ధర్మశాస్త్ర పండితుడు, ఇచ్చే ఫత్వా ఒక ధర్మశాస్త్ర అభిప్రాయం. నచ్చకపోతే మరో ముఫ్తీని అడగవచ్చు. ముస్లిం సమాజానికంతా నాయకుడిగా భావించిన ఖలీఫా పదవిని టర్కీ 1924లో రద్దు చేసింది. షియాల్లో మాత్రం నజఫ్ (ఇరాక్), ఖుమ్ (ఇరాన్) నగరాల విద్యాకేంద్రాల్లో దశాబ్దాలు చదివి, బోధించి ఎదిగిన పండితులను మర్జాలుగా గుర్తిస్తారు. వారిలో ఎవరిని అనుసరించాలో విశ్వాసే ఎంచుకుంటాడు, ఖుమ్స్ అనే మతపరమైన చెల్లింపు కూడా సాధారణంగా ఆ మర్జాకే చేరుతుంది. అంటే పాండిత్యం, అనుచరుల ఎంపిక, నిధులు కలిసి అధికారాన్ని నిలబెడుతున్నాయి. పరిశోధనాంశం నన్ను ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను.

మహిళల నాయకత్వం కూడా మంచి అంశమే. రెగీనా యోనాస్ 1935లోనే జర్మనీలో రబ్బీ అయ్యారు. ఇంగ్లండ్ చర్చి మహిళలకు గురుపట్టం ఇచ్చింది 1994లో, తొలి మహిళా బిషప్‌ను నియమించింది 2015లో. కాథలిక్ చర్చి నేటికీ అంగీకరించదు.

ఇక అసలు కష్టం భాషతో. యూదు ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్ముద్‌కు హీబ్రూ, అరమాయిక్ కావాలి. తొలినాటి చర్చికి గ్రీకు, లాటిన్; ఇస్లామీయ ధర్మశాస్త్రానికి అరబిక్. పీజీ వరకు అనువాదాలతో నెట్టుకురావచ్చు. పీహెచ్‌డీకి అది కుదరదు. కాబట్టి మూడు మతాల మీదా సమానంగా పట్టు సాధిస్తాననుకోకండి. ఒకదాని భాష ఈ ఏడాదే మొదలుపెట్టండి, మిగతా రెండూ పోలికకు ఉంచుకోండి.

ఉద్యోగాల సంగతి దాచి లాభం లేదు. విశ్వవిద్యాలయాల్లో ఈ విభాగపు పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. పత్రికలు, ప్రచురణ సంస్థలు, పురాతన పత్రాల భాండాగారాలు, శరణార్థులతో పనిచేసే సంస్థలు ఈ చదువుకు విలువిస్తాయి, ముఖ్యంగా అరబిక్ వచ్చినవారికి. కొన్ని దేశాల్లో ఆసుపత్రులు, జైళ్లు, సైన్యం చాప్లిన్లను (అక్కడివారికి మతపరమైన సేవలందించేవారిని) నియమించుకుంటాయి గానీ, దానికి చాలాచోట్ల మీ మత సంస్థ ఆమోదం అడుగుతారు. అది మొదటి దారి.

దరఖాస్తు చేసేముందు ఆ విభాగపు ఆచార్యులు ఏ భాషలోని మూలగ్రంథాలపై పనిచేశారో చూడండి. మీరు నేర్చుకునే భాష వారిలో ఒక్కరికీ రాకపోతే, ఎంత పేరున్న విశ్వవిద్యాలయమైనా వదిలేయండి.