ఫ్లోరు కోసే ముందు

తల్లీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన జీపు ఫోటోలు రెండు రోజులుగా తీసి తీసి చూస్తున్నాను. డ్రైవరు కాళ్లు పెట్టే చోట అరచేయంత చిల్లు పడి, అందులోంచి నేల కనిపిస్తోంది. "ఒక రేకు ముక్క అతికిస్తే సరిపోతుందా మావయ్యా" అని అడిగావు. సరిపోదమ్మా. ఆ చిల్లు కంటికి కనిపించే తుప్పు మాత్రమే. కనిపించనిది దాని చుట్టూ, దాని కింద ఉంటుంది. గ్రైండరు పట్టుకునే ముందు దాన్ని వెతికి పట్టుకోవాలి.

అన్నిటికన్నా ముందు నీళ్లు ఎటునుంచి వచ్చాయో చూడు. ఇంకా ఏమీ విప్పకుండానే ముందు అద్దం మీద పైపుతో నీళ్లు వదలమని ఎవరికైనా చెప్పి, నువ్వు టార్చిలైటు పట్టుకుని లోపల కూర్చో. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు, అద్దం ఫ్రేము కింది అంచు, పెడళ్లు లోపలికి వచ్చే కంతలు, ఇవీ దొంగదారులు. ఆ దారి మూయకుండా ఎంత మంచి ఫ్లోరు వేసినా కొన్నాళ్లకి ఇవే ఫోటోలు మళ్లీ పంపుతావు. మందపాటి మ్యాట్లు కూడా తడిని కిందే పట్టి ఉంచుతాయి. వాటిని తిరిగి పరచకు.

తర్వాత సీట్లు, మ్యాట్లు తీసేసి, పాత తారుపూత అంతా గీకెయ్. చిన్న సుత్తితో బెత్తెడు బెత్తెడుకీ కొడుతూ చప్పుడు విను. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడువు. దిగబడిందంటే ఆ రేకు పోయినట్టే. గట్టి రేకు తగిలేదాకా వెళ్లి అక్కడ సుద్దతో గీత గియ్యి. ఆ గీత చిల్లుకి నాలుగింతలు వచ్చినా బెంగపడకు. నేను చేసిన ప్రతి బండికీ దాదాపు అంతే వచ్చింది.

కింద పడుకుని కూడా చూడాలి. ఫ్లోరు కింద అడ్డంగా, టోపీ ఆకారంలో మడిచిన పట్టీలు ఉంటాయి. బరువు మోసేవి అవే. పట్టీకీ ఫ్లోరుకీ మధ్య చేరిన నీరు తొందరగా ఆరదు. ఇనుము తుప్పుగా మారితే ముందుకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే రెండు రేకులూ విడిపోయి ఉబ్బుతాయి. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపుల్లో అయితే ఆ పట్టీల లోపల చెక్క కూడా పెట్టారు. తడిసిన చెక్క ఆ తడిని వదలదు, ఇనుము లోపలినుంచే తినుకుపోతుంది. పోయిన పట్టీ మీద కొత్త ఫ్లోరు వేయకు. ముందు పట్టీ మార్చు.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చదువు. ఆ యుద్ధకాలపు జీపైన విల్లీస్ ఎంబీలోనూ, దాని తర్వాత మామూలు జనం కోసం వచ్చిన సీజే-2ఏ జీపులోనూ పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. నీ బండి ఆ కుటుంబానిదే. నువ్వు వెల్డింగు చేయబోయేది ట్యాంకు పక్కనే. ట్యాంకు ఖాళీ చేశాను కదా అనుకోకు, ఖాళీ ట్యాంకులో నిండి ఉండే ఆవిరే పేలుతుంది. ట్యాంకు, పెట్రోలు పైపులు బండి నుంచి విప్పి, పని చేసే చోటికి దూరంగా పెట్టు. బ్యాటరీ తీసెయ్. ఫ్లోరు కింద వెళ్లే వైర్లు, బ్రేకు పైపులు పక్కకి జరుపు. మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉంచు. పని ముగిశాక కనీసం అరగంట అక్కడే ఉండి చూడు, తారుపూత లోలోపల రగులుతూ ఉంటుంది. రేకు తుడవడానికి క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనరు వాడొద్దు. దాని మీద వెల్డింగు వేడి పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. జింకు పూత ఉన్న రేకు తెస్తే అతుకు దగ్గర ఆ పూత గీకేసి, మాస్కు పెట్టుకుని, గాలి ఆడే చోట చెయ్యి. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

కోత దగ్గర నాకొక బాధ మిగిలిపోయింది. చాలా ఏళ్ల క్రితం తొందరపడి, ఒక బండికి రెండు వైపుల ఫ్లోరూ ఒకేసారి కోసేశాను. బాడీ కాస్త కుంగింది. కొత్త రేకు అలాగే వెల్డింగు చేశాక వెనక తలుపు ఇక సరిగ్గా పడలేదు. చేసిందంతా విప్పి మళ్లీ చేశాను. అందుకే అంటున్నాను, తలుపుల ఖాళీలకి అడ్డంగా ఇనప గొట్టాలు ట్యాక్ చేసి, అంటే చిన్న చిన్న వెల్డింగు చుక్కలతో తాత్కాలికంగా అతికించి, మూల నుంచి మూలకి కొలతలు రాసుకున్నాకే కొయ్యి. అదీ ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు. ఫ్లోరుని పట్టీలకి పట్టి ఉంచే స్పాట్ వెల్డింగులు, అంటే చుక్క అతుకులు, డ్రిల్లుతో పై రేకు వరకే తొలిచి విడదీయి, పట్టీకి కంత పడకూడదు.

ముక్కకి ముందు అట్ట కత్తిరించి నమూనా చేసుకో. మూలలు గుండ్రంగా ఉంచు, కోసు మూలల దగ్గరే రేకు చీలుతుంది. 1.2 మిల్లీమీటర్ల రేకు ఈ పనికి బాగా నప్పుతుంది. పాత ఫ్లోరులో ఉన్న ఉబ్బు గీతలు అందానికి కావు, రేకు గట్టిగా నిలబడటానికి. అవి లేకుండా చదును రేకు వేస్తే కాలు పెట్టినప్పుడల్లా డబడబలాడుతుంది. గీతలు నొక్కించే వీలు లేకపోతే, అచ్చు వేసిన రెడీమేడ్ ఫ్లోరు కొనుక్కోవడమే మేలు.

వెల్డింగుకి మిగ్ మిషను, అంటే వైరు దానంతటదే బయటికి వచ్చే వెల్డింగు మిషను, 0.6 మిల్లీమీటర్ల వైరు, ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు. ఒకే గీతగా లాగితే రేకు వేడికి మెలి తిరుగుతుంది. ఒక చుక్క ఇక్కడ, ఇంకోటి దూరంగా అక్కడ, చెయ్యి పెట్టి చూసి చల్లారాకే వాటి మధ్య మరోటి. ఓపిక కావాలి, విసుగొస్తే ఆ రోజుకి ఆపెయ్. చిల్లు పడేలా ఉంటే వెనక రాగి రేకు ఆనించు, వెల్డింగు దానికి అంటుకోదు. పట్టీల మీద మాత్రం కొత్త రేకుకి 8 మిల్లీమీటర్ల కంతలు వేసి, వాటిలోంచి ప్లగ్ వెల్డింగు చెయ్యి. రెండు రేకులూ ఆనుకునే చోట ముందే వెల్డింగుకి పనికొచ్చే ప్రైమర్ (పెయింటుకి ముందు వేసే అడుగు పూత) పూయి, తర్వాత అక్కడికి బ్రష్ వెళ్లదు.

ఆ తర్వాత ఎపాక్సీ ప్రైమర్, అది ఆరాక ప్రతి అతుకుకీ పైనా కిందా సందులు మూసే సీమ్ సీలర్, అప్పుడు పెయింటు. పట్టీల లోపల గొట్టంతో మైనం స్ప్రే చెయ్యి. నీళ్లు పోయే కంతలు ఏవైనా పాత ఫ్లోరులో ఉంటే వాటిని కొత్తదానిలోనూ ఉంచు, సీలరుతో మూసుకుపోనివ్వకు. తుప్పుని నల్లగా మార్చే మందు పైపై తుప్పుకే పనికొస్తుంది. చిల్లు పడ్డ రేకుకి అది ప్రాణం పోయదు.

ముందు కింద పడుకుని ఆ పట్టీల ఫోటోలు తీసి పంపు. అవి చూశాకే రేకు ఎంత తేవాలో లెక్క వేద్దాం.

మీ మావయ్య