సివిల్ చదివి మునిసిపల్ పనుల్లోకి వెళ్తానంటోంది, పంపాలా?

ఏలూరు నుంచి ఒక తండ్రి ఇలా రాశారు: "మా అమ్మాయి సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. క్లాసులో సగం మంది కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తున్నారు. తనేమో ఊళ్లకు నీళ్లు, డ్రైనేజీ ఇచ్చే పనుల్లోనే ఉంటానంటోంది. మునిసిపాలిటీ అంటే కాంట్రాక్టర్లు, మురికి కాలువలే కదండీ. ఆడపిల్లకు ఇందులో భవిష్యత్తు ఉంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది."

అయ్యా, మీ అమ్మాయి మంచి దారే ఎంచుకుంది. ఎందుకంటున్నానో చెప్తాను.

కొత్తగా సీసీ రోడ్డు వేసిన నెలకే పైపులైను కోసం తవ్వడం మీరు చూసే ఉంటారు. చాలా ఊళ్లలో ఏ పైపు ఎక్కడ పోతోందో, ఏ వాల్వు ఎటు తిప్పాలో సరైన రికార్డు ఉండదు. పాత లైన్‌మన్‌కి నోటికి తెలుసు. ఆయన రిటైరైతే ఆ వివరమూ ఆయనతోనే ఇంటికి పోతుంది. మన కాలేజీలు కట్టడం బాగానే నేర్పాయి. కట్టినదాన్ని పాతికేళ్లు కనిపెట్టుకుని ఉండటం నేర్పలేదు. ఇప్పుడు మనుషులు కావాల్సింది అక్కడే.

ఒడిశాలోని పూరీ సంగతి తీసుకోండి. 2021 జూలై నుంచి అక్కడ 24 గంటలూ కుళాయి దగ్గరే పట్టుకుని తాగగలిగే నీళ్లు ఇస్తున్నారు. మన దగ్గర పూటకో గంట వదులుతారు, మిగతా వేళల్లో పైపు ఖాళీ. ఖాళీ పైపులో ఒత్తిడి పడిపోగానే పక్కన పారే మురుగు చిన్న పగుళ్లలోంచి లోపలికి చేరుతుంది. విరేచనాలు, కామెర్లు ఇలాగే ఇళ్లలోకి వస్తాయి. పైపు ఎప్పుడూ నిండుగా, ఒత్తిడితో ఉంటే లీకు ఉన్నా నీళ్లు బయటికి పోతాయే గానీ మురుగు లోపలికి రాదు.

అయితే 24 గంటలూ నీళ్లు వదలాలంటే ముందు దుబారా ఆగాలి. అందుకే ఊరిని చిన్న చిన్న జోన్లుగా విడదీస్తారు. జోన్‌లోకి ఎంత నీరు వచ్చింది, ఇళ్ల మీటర్లలో ఎంత కనిపించింది అని పోల్చి, తేడా ఎక్కువున్న చోట లీకో, దొంగ కనెక్షనో వెతుకుతారు. ఇలా లెక్కకు అందకుండా పోయే నీరు 20 శాతం దాటకూడదని కేంద్రం 2008లోనే ప్రమాణం పెట్టింది. ఒడిశాలో ఇంటింటికీ వెళ్లి మీటరు చూసేది, బిల్లు వసూలు చేసేది, నీటిని పరీక్షించేది 'జలసాథీ'లనే మహిళలు. ఆడపిల్లకు తగదేమోనన్న మీ అనుమానానికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

కాంట్రాక్టుల తీరు కూడా మారింది. గంగా నదిని శుభ్రం చేసే కేంద్ర పథకం నమామి గంగే కింద కొన్ని మురుగుశుద్ధి ప్లాంట్లకు కట్టేటప్పుడు 40 శాతమే ఇస్తారు. మిగతా 60 శాతం 15 ఏళ్లపాటు, ప్లాంటు సరిగ్గా నడిస్తేనే వాయిదాల్లో చెల్లిస్తారు. కట్టేసి బిల్లు పెట్టుకుని వెళ్లిపోతే డబ్బు రాదు కాబట్టి, ఆ కంపెనీలకు ప్లాంటును నడపగల ఇంజనీర్లు కావాలి.

కష్టాలు కూడా చెప్పాలి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే తక్కువే ఉంటుంది. లీకేజీ అర్ధరాత్రి బయటపడితే అర్ధరాత్రే వెళ్లాలి. పట్టణాల నీళ్లు, డ్రైనేజీ పనులు చూసే పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ విభాగంలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) పోస్టులకు నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. దాని కోసం నాలుగేళ్లు కోచింగ్‌లో కూర్చోబెట్టకండి. ఇలా కూర్చుని అలసిపోయిన పిల్లల్ని నేను చాలా మందిని చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఏదైనా కన్సల్టెన్సీలోనో, నీటి పథకాలు నడిపే కంపెనీలోనో పని చేస్తూ పరీక్ష రాయమనండి. పై చదువు కావాలంటే గేట్ స్కోరుతో ఎన్ఐటీ వరంగల్‌లో రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ (ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటర్ మ్యాపుల చదువు), ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కోర్సులు ఉన్నాయి. ప్లానింగ్ మీద మనసుంటే విజయవాడలోనే ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది.

కోడింగ్ వదిలేయమని నేను చెప్పను. కొంచెం పైథాన్ వస్తే మీటరు లెక్కలు చూడటానికి పనికొస్తుంది. కానీ ముందు నేర్చుకోవాల్సిన సాఫ్ట్‌వేర్లు రెండు: మ్యాపుల కోసం క్యూజీఐఎస్, పైపుల్లో నీటి ఒత్తిడి లెక్కకు ఈపానెట్. రెండూ ఉచితమే. వీటితోపాటు ఎస్టిమేట్ వేయడం, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) చదవడం కూడా రావాలి. ఆ రెండూ రాకపోతే ఆఫీసులో ఎవరూ మాట వినరు.

ఈ సెలవుల్లో తనకు ఒక పని అప్పగించండి. మీ కాలనీలోని మ్యాన్‌హోళ్లు, వాల్వులు, వీధి దీపాలు ఒక్కొక్కటీ ఫోన్‌లో గుర్తించి క్యూజీఐఎస్‌లో మ్యాపు చేయమనండి. దాన్ని తీసుకెళ్లి మీ వార్డు సచివాలయంలో నీళ్లు, డ్రైనేజీ లాంటి వసతులు చూసే ఎమెనిటీస్ సెక్రటరీకి చూపించి, ఏవి తప్పో అడిగి దిద్దుకోమనండి. తెల్లవారుజామున నీళ్లు వదిలే వేళకు లైన్‌మన్‌తో కలిసి వాల్వుల దగ్గరికి వెళ్లే రోజున మీరూ తోడు వెళ్లండి. దారిలో మీ సందేహాలన్నీ తననే అడగండి.