కుటుంబ ప్రార్థన అయిదు నిమిషాలు చాలు నాయనా

చిరంజీవి చిన్నోడికి, కందుకూరు నుంచి పెదనాన్న దీవెనలు.

పెళ్లి ఖాయమైందని, కట్నం వద్దన్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. మర్నాడు నువ్వు ఫోన్ చేసి, పెళ్లయ్యాక రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇద్దరూ గంటసేపు కుటుంబ ప్రార్థన చేసుకుంటామన్నావు చూడు, అప్పట్నుంచి భయంతో పట్టడం లేదు. ఆ టైమ్‌టేబుల్ అమ్మాయిని అడిగి వేశావా, నువ్వే వేసేశావా? ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసే పిల్లరా అది.

ఆదివారం కలిసి గుడికి వెళ్లండి. దశమభాగం, అంటే సంపాదనలో దేవుడికిచ్చే పదో వంతు, ముందే తీసి పక్కన పెట్టండి. ఇవి నీకు తెలిసినవే. కట్నం తీసుకోలేదన్న మాట మాత్రం గుడిలో నిలబడి చెప్పే సాక్ష్యంలో చెప్పకు. మైకు ముందు నిలబడితే పక్కనున్న పెళ్లాం కనపడదు. నాకు కనపడలేదు.

1989లో నేను సంఘంలో డీకన్ని, అంటే సంఘం పనులు చూసే పెద్దని. కోతపండగ రోజు గుడి కప్పు కోసం కానుకలు అడుగుతున్నారు. ఒకాయన మూడు వేలన్నాడు. నేను లేచి అయిదు వేలన్నాను. చప్పట్లే చప్పట్లు. (పొగాకు డబ్బు దేవుడికి పనికొస్తుందా అని ఇప్పుడడగకు, మా గుడి గోడలు దాంతోనే లేచాయి.) వారం కిందటే వేలంలో పొగాకు బేళ్లు అమ్మాం. అందులో ఆ అయిదు వేలు మీ పెద్దమ్మ వాళ్లమ్మ కంటి ఆపరేషన్‌కని పక్కన పెట్టుకున్నవి. ఆకు కర్రలకు కట్టింది మీ పెద్దమ్మ. ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర నాతోపాటు రాత్రిళ్లు మేలుకుని మంట చూసింది ఆమె. ఆమెను ఒక్క మాట అడగలేదు నేను.

ఇంటికొచ్చాక "మరి మా అమ్మ సంగతి?" అంది. అంతే. నేను జవాబు చెప్పలేదు. రాత్రి కుటుంబ ప్రార్థనలో మోకాళ్ల మీద ఉండి, "ప్రభువా, ఈ ఇంట్లోనుంచి ధనాపేక్షను తీసివేయుము" అని గట్టిగా ప్రార్థించాను. పిల్లలు ఆమెన్ అన్నారు. ఆమె అనలేదు. పోట్లాటలో ఒక మాటంటే తిరిగి ఒక మాట అనగలదు. ప్రార్థనలో అంటే ఏమనాలి?

మర్నాడు వాక్యం చదివే వంతు ఆమెది. అప్పుడు కీర్తనలు వరసగా చదువుతున్నాం. ఆమె కీర్తనలు తియ్యలేదు, మార్కు సువార్త 7వ అధ్యాయం తీసింది. తల్లిదండ్రులకు ఇవ్వాల్సినదాన్ని 'కొర్బాను', అంటే దేవుడికిచ్చేశాను అని చేతులు దులుపుకునేవాళ్లను యేసు తిట్టిన చోటు. పదమూడో వచనం దాకా చదివి, బైబిలు మూసి, పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది. అప్పటికి ఆ అధ్యాయం మీద నేను రెండుసార్లు ప్రసంగం చేసినవాణ్ని.

నాలుగు రోజులు మొండికేశాను. అయిదో రోజు పిల్లల ముందే, "ప్రభువా, ఆ రాత్రి నేను చేసింది ప్రార్థన కాదు" అన్నాను. ఇంకేం రాలేదు నోటికి. ఆమె కాసేపు ఆగి ఆమెన్ అంది. ఆపరేషన్ డబ్బు మీ నాన్న సర్దాడు. వాడు నీకు చెప్పి ఉండడు. కట్టు విప్పాక మా అత్త నన్ను చూసి, "అల్లుడికి ఇంతలా జుట్టు నెరిసిందా!" అంది.

భార్యను సన్మానించకపోతే మన ప్రార్థనలకే అభ్యంతరమని యేసు శిష్యుడు పేతురు రాశాడు (1 పేతురు 3:7). ఆయనకూ అత్తగారుంది, జ్వరంతో పడుకుంటే యేసు వచ్చి లేపాడు. ఆ రాసిందేదో తెలిసే రాశాడని నా అనుమానం.

అందుకని నాయనా, అయిదు నిమిషాలు చాలు. ఆమె డ్యూటీ దిగొచ్చిన పూట ఆమె నిద్రే ముందు. ఇద్దరూ వంతులేసుకుని చదవండి. ఆమె మొహం చూసి చెప్పలేని మాట ప్రార్థనలో పెట్టకు. కానుక ఎంతన్నది ఇంట్లోనే తేల్చుకుని గుడికి వెళ్లు.

పెళ్లయ్యాక ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కండి. 1854 జనవరి 1న తెల్లారకముందే అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర అక్కడ మోకరించాడని గొప్పగా చెప్పుకుంటాం. ఆయనతోపాటు దొరసాని కూడా ఎక్కింది. మన ప్రసంగాల్లో ఆ సంగతి ఎప్పుడూ చివర్న వస్తుంది.

మా పాత బైబిలు మీకు పంపుతున్నాను. మార్కు 7 ఉన్న పేజీ మీద పసుపు వేలిముద్ర ఉంటుంది. అది ఆ రోజుది కాదు, తర్వాతెప్పుడో పచ్చడి కలిపిన రోజుదని మీ పెద్దమ్మ అంటుంది. నేను నమ్మను.