పాఠకుల ప్రశ్నలు: పాత సైన్స్ ఫిక్షన్, కొత్త రీమేక్

ప్రశ్న: మా నాన్నగారు పట్టుబట్టి 1951 నాటి 'ద థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్' చూపించారు. అందులోని వింత జీవి నాకు వేషం కట్టిన పొడుగాటి మనిషిలాగానే కనిపించాడు. అదే కథతో 1982లో వచ్చిన 'ద థింగ్' మాత్రం రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. అయినా పాతదే గొప్పదని నాన్నగారి వాదన. మీరేమంటారు?
(డిగ్రీ విద్యార్థిని, కర్నూలు)

జవాబు: రెండు సినిమాలకూ మూలం జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ 1938లో ప్రచురించిన ఒకే కథ. మంచులోంచి బయటపడిన జీవి తనకు దొరికిన ప్రాణి రూపాన్ని అచ్చుగుద్దినట్టు ధరిస్తుంది కనుక, పక్కన కూర్చుని అన్నం తింటున్నవాడు మనవాడేనా కాదా అన్న అనుమానమే ఆ కథకు ప్రాణం. 1951లో నిర్మాత హోవార్డ్ హాక్స్, దర్శకుడు క్రిస్టియన్ నైబీ ఈ రూపం మార్చే గుణాన్ని పూర్తిగా వదిలేశారు. దాని స్థానంలో, నెత్తురు తాగి బతికే, వృక్షజాతికి చెందిన ఒక ఆజానుబాహువును ప్రవేశపెట్టారు. మీకు వేషంలా కనిపించింది ఆయనే, అందులో మీ తప్పేమీ లేదు.

అయితే ఆ సినిమాలో ఒక ఘట్టాన్ని మీరు మళ్లీ చూడాలని నా కోరిక. మంచు అడుగున ఏదో పెద్ద వస్తువు నల్లగా కనిపిస్తుంది. దాని ఆకారం అంతుబట్టక, అక్కడున్నవాళ్లందరూ దాని అంచు వెంబడి నడిచి, చేతులు చాచి ఎక్కడివాళ్లక్కడ నిలబడతారు. అప్పుడు ఒకరినొకరు చూసుకుంటే, తామంతా గుండ్రంగా నిలబడి ఉన్నామని తెలుస్తుంది. ఆ వస్తువును మనకు చూపించరు, మనుషులు నిలబడిన తీరే దాని ఆకారాన్ని చెప్పేస్తుంది. ఇన్నేళ్లలో ఎన్నో అంతరిక్ష నౌకలను తెరమీద చూశాను కానీ, ఆ గుండ్రటి వరుస కలిగించినంత గగుర్పాటు వాటిలో చాలావాటికి లేదు. మీ నాన్నగారు మెచ్చుకునేది బహుశా ఈ నేర్పునే అయి ఉంటుంది.

ఇక 1982లో జాన్ కార్పెంటర్ చేసిన పని ఏమిటంటే, పాత సినిమా వదిలేసిన ఆ అనుమానాన్ని మూలకథ నుంచి తిరిగి తెచ్చుకోవడం. రాబ్ బోటిన్ తయారుచేసిన భీకర రూపాల గురించి అందరూ చెబుతారు, అవి నిజంగానే అసాధారణమైనవి. కానీ సినిమాకు గుండెకాయ వంటిది, ఎవరు మనిషో ఎవరు ఆ జీవో తేల్చే రక్తపరీక్ష జరిగే ఘట్టమని నా అభిప్రాయం. మనుషులను కట్టేసి కూర్చోబెట్టి, ఒక్కొక్కరి రక్తాన్ని చిన్న గాజు పళ్లెంలో తీసి, కాల్చిన తీగ కొసను అందులో ముంచుతారు. అది ఆ జీవి రక్తమైతే వేడికి ఎగిరిపడుతుంది. తీగ రక్తాన్ని తాకినప్పుడు సన్నగా చుయ్యిమన్న చప్పుడు వస్తుంది, ఆ మనిషి ఊపిరి పీల్చుకుంటాడు, తరువాతి పళ్లెం ముందుకు వస్తుంది. ఒక తీగ, కొన్ని పళ్లేలు తప్ప అక్కడ మరేమీ లేవు. ఇంతటి సినిమా విడుదలైనప్పుడు విమర్శకులు దాన్ని ఈసడించారు. స్నేహశీలి అయిన గ్రహాంతరవాసిని చూపిన 'ఇ.టి.' రెండు వారాల ముందే వచ్చి జనాన్ని ఆకట్టుకుని ఉండగా, ఈ చీకటి కథను ఆదరించే ఓపిక అప్పటి ప్రేక్షకులకు లేకపోయింది.

అందువల్ల రీమేక్ ప్రసక్తి వచ్చినప్పుడల్లా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: మొదటి సినిమా చెయ్యకుండా వదిలేసిన పని ఏదైనా మిగిలి ఉందా? 1958 నాటి 'ద ఫ్లై'లో ప్రయోగం వికటించి శాస్త్రవేత్త తల, చెయ్యి ఒక్క క్షణంలో ఈగవి అయిపోతాయి, ఆ తలను గుడ్డ కింద దాచి చివరికి చూపుతారు. 1986లో డేవిడ్ క్రోనెన్‌బర్గ్ ఆ మార్పును రోజులు, వారాల మీదుగా నడిపించాడు. ప్రేమించిన మనిషి కళ్లముందే కొంచెం కొంచెంగా శిథిలమవుతుంటే చూస్తూ ఉండవలసి రావడం దీర్ఘవ్యాధిగ్రస్తులకు సేవ చేసిన ప్రతివారికీ తెలిసిన దుఃఖం. పాత సినిమా ఆ దుఃఖం జోలికి వెళ్లలేదు. కొత్త సినిమాకు మేకప్ విభాగంలో ఆస్కార్ వచ్చింది, కానీ నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ ప్రియురాలి ముఖం.

మనుషుల స్థానంలోకి అచ్చం వాళ్లలాగే ఉండే గ్రహాంతర జీవులు చేరిపోయే 'ఇన్వేజన్ ఆఫ్ ద బాడీ స్నాచర్స్' సంగతీ అంతే. 1956లో డాన్ సీగెల్ కథను చిన్న ఊరిలో నడిపితే, 1978లో ఫిలిప్ కాఫ్‌మన్ దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి తెచ్చాడు. ముఖపరిచయం ఉన్నవాళ్లు మారిపోవడం ఒక భయం, పక్కవాడు మారినా గుర్తుపట్టలేని నగరంలో బతకడం వేరొక భయం. పాత సినిమాలో రహదారి మీద కార్లకు అడ్డంపడి అరిచిన నటుడు కెవిన్ మెకార్తీ, కొత్త సినిమాలోనూ ఒక కారు ముందుకు పరుగెత్తుకొచ్చి అలాగే హెచ్చరిస్తాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన అలా పరుగెడుతూనే ఉన్నాడా అనిపించి నా ఒళ్లు జలదరించింది.

దీనికి భిన్నంగా, 1968 నాటి 'ప్లానెట్ ఆఫ్ ద ఏప్స్' వదిలేసిన పని ఏదీ లేదు. 2001లో టిమ్ బర్టన్ అంతకంటే మంచి మేకప్‌తో దాన్ని మళ్లీ తీసి, మరో మలుపుతో ముగించాడు. ఆ మలుపు మనసుకు హత్తుకోదు.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఒక పాత సైన్స్ ఫిక్షన్ సినిమాను, దాని రీమేక్‌ను చూపించి చర్చ పెట్టాలని ఉంది. నలుపు తెలుపు అంటే పిల్లలు ముఖం తిప్పుకుంటారేమోనని సంకోచం.
(ఉపాధ్యాయుడు, కడప)

జవాబు: సంకోచించకండి. తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి గారి 'మాయాబజార్' నలుపు తెలుపుల్లో వచ్చినా ఈ పిల్లలు విసుగు లేకుండా చూస్తారు. పైన చెప్పిన 1982, 1986 సినిమాలు మాత్రం పిల్లలకు తగవు. రాబర్ట్ వైజ్ 1951లో తీసిన 'ద డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్' చూపించండి. నిడివి 92 నిమిషాలే. అణ్వాయుధాల గురించి హెచ్చరించడానికి వచ్చిన గ్రహాంతరవాసి క్లాటూ తన శక్తికి నిదర్శనంగా ప్రపంచమంతటా అరగంటసేపు విద్యుత్తును ఆపేస్తాడు. ఆస్పత్రులను, గాలిలో ఉన్న విమానాలను మాత్రం ముట్టుకోడు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే ఇల్లంతా ఎలా నిశ్శబ్దమైపోతుందో మన సీమ పిల్లలకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ నిశ్శబ్దాన్ని లోకమంతటికీ పరిచి చూపిన దర్శకుడి ఊహ, ఆస్పత్రులను మినహాయించిన ఆ అతిథి దయ వాళ్లకు వెంటనే అందుతాయి.

2008 నాటి రీమేక్‌లో అణ్వాయుధాల బదులు పర్యావరణ వినాశనాన్ని కారణంగా పెట్టారు. ఆలోచన మంచిదే. అయితే పాత క్లాటూ ఒక సామాన్య వసతిగృహంలో గది తీసుకుని, ఒక పిల్లవాడితో కలిసి ఊరంతా తిరిగి, మనుషుల మంచిచెడ్డలు తెలుసుకుంటాడు. కొత్త సినిమాలో ఆ తీరిక కరువై, విధ్వంసం తెరను ఆక్రమించింది. ఈ రెండు క్లాటూలలో ఎవరి మాట వింటారని పిల్లలను అడిగితే చర్చ దానంతటదే సాగుతుంది.

ప్రశ్న: 'ఆదిత్య 369'ను నేటి గ్రాఫిక్స్‌తో మళ్లీ తీస్తే బాగుంటుంది కదా?
(ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: గ్రాఫిక్స్ కోసమే అయితే వద్దు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు అప్పటి పరికరాలతోనే కాలయంత్రాన్ని శ్రీకృష్ణదేవరాయల కొలువులో దింపి మనల్ని నమ్మించారు. ఆ వైభవాన్ని మరింత మెరుగుపెట్టి చూపినంత మాత్రాన కొత్తగా ఒరిగేదేమీ లేదు.

అయితే ఆ సినిమా వెళ్లని కాలం ఒకటుంది. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తరువాత విజయనగరం కొల్లపోయి, రాజధాని మన పెనుకొండకు తరలివచ్చింది. ఓడినవాళ్లు బండ్ల మీద, ఏనుగుల మీద మిగిలిన సంపదను వేసుకుని ఈ కొండ ఎక్కుతున్న వేళ కాలయంత్రం ఆ దారి పక్కన ఆగితే, జరగబోయేదంతా తెలిసిన మన కాలపు మనిషి వాళ్లతో ఏం మాట్లాడతాడు? ఆ ప్రశ్నతో ఎవరైనా సినిమా తీస్తానంటే, మొదటి ఆటకు మీ పక్క సీటులో నేనుంటాను.