కోతి కరిస్తే ఇంజెక్షన్ కావాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హనుమకొండ. మా అత్తగారికి 68 ఏళ్లు. ప్రతి మంగళవారం మిద్దె మీద కోతులకు అరటిపళ్లు పెడతారు. ఆరు రోజుల క్రితం ఎండబెట్టిన వడియాలు తీస్తుంటే ఒక పెద్ద కోతి మీదికి వచ్చి మణికట్టు దగ్గర కరిచింది. రెండు పళ్లు దిగి రక్తం వచ్చింది. పక్కింటివాళ్లు పసుపు, సున్నం పెట్టారు. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో టీటీ ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. ‘కరిచింది కుక్క కాదు కదా, హనుమంతుడు. నాకు సూదులొద్దు’ అని అత్తగారు మొండికేస్తున్నారు. ఆరు రోజులైపోయింది, ఇప్పుడు వేయించినా లాభం ఉంటుందా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చేరిన రోజే ఫోను చేసి చెప్పాను, ఆ పూటే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లమని. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి ఆమెకు మూడో డోసు కూడా పడి ఉండాలి. ఇదే సంకటంలో ఉన్న మిగతావారి కోసం వివరంగా రాస్తున్నాను.

టీటీ ధనుర్వాతానికి. రేబిస్‌కు అది ఏమాత్రం పనికిరాదు. రెండూ ఒకటే అనుకుని ఇంటికి వెళ్లిపోయినవాళ్లను నేను చాలామందినే చూశాను. కోతులకు రేబిస్ అరుదుగానే వస్తుంది. కానీ వీధికుక్కలతో కలబడే జంతువుకు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కుక్క కరిస్తే దానిని పది రోజులు గమనిస్తూ ఉండమంటారు. ఆ లెక్క కుక్కకు, పిల్లికి మాత్రమే. కోతికి వర్తించదు. గుంపులో కరిచింది ఏదో గుర్తుపట్టేది ఎవరు?

ఆలస్యమైంది కాబట్టి వద్దనుకోవడం పొరపాటు. లక్షణాలు మొదలు కానంతవరకు టీకాకు వేళ మించిపోదు. మొదలయ్యాక మాత్రం వైద్యుడి చేతిలో దాదాపు ఏమీ ఉండదు. కండకు ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 14, 28 రోజులకు వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28. రక్తం వచ్చిన గాయం కాబట్టి గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (టీకా పనిచేయడం మొదలయ్యేలోగా వైరస్‌ను అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు) కూడా వేయాలి. అది వేయరా అని మీరే అడగండి. బీపీ, షుగర్ ఉన్నా టీకా ఆపనక్కర్లేదు. వంకాయ తినకూడదు, మాంసం ముట్టకూడదు అనే పథ్యాలేవీ లేవు. కరిచిన వెంటనే చేయాల్సింది ఒక్కటే: కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. సున్నం, కారం, పసరు ఏదీ పూయకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యుడిగా పనిచేశాను. పరకాల దగ్గర ఒక గేదె మేత మానేసి చొంగ కారుస్తోందని పిలిచారు. గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని ఆ రైతు అప్పటికే మోచేతి దాకా దాని నోట్లో పెట్టి వెతికాడు. నేను వెళ్లేసరికి అది మెడ చాచి అరుస్తోంది. ఆ అరుపు గేదె అరుపులా లేదు, బొంగురుపోయి మధ్యలో తెగిపోతోంది. నెలన్నర కింద పిచ్చికుక్క కరిచిన సంగతి అప్పుడు చెప్పారు. మూడో రోజుకు గేదె పోయింది. ఆ రైతు వేళ్ల నిండా గడ్డి కోసిన గీతలే. ఇద్దరం వెళ్లి ఇంజెక్షన్లన్నీ వేయించుకున్నాం. ఇద్దరం బాగున్నాం. మీ అత్తగారికి ఈ సంగతి నా మాటగా చెప్పండి.

ఇక అరటిపళ్ల సంగతి. ఆమె భక్తిని నేను తప్పుపట్టను. కానీ చేతి నుంచి పండు అందుకున్న కోతి, మనిషి చేయి కనిపిస్తే అందులో తిండి ఉందనే అనుకుంటుంది. మంగళవారం పండు, బుధవారం వడియాలు. దానికి తేడా తెలియదు. ఆమె పండు గుడిలో నైవేద్యం పెట్టి పిల్లలకు పంచమనండి. వడియాలు వలకింద ఎండబెట్టుకోండి, నీళ్ల ట్యాంకుకు మూత బిగించండి.

మొన్న మా పిట్టగోడ మీద ఒక మగకోతి కూర్చుంది. మూడు బారల దూరం. కనుబొమలు పైకెత్తితే పాలిపోయిన కనురెప్పలు కనిపించాయి, నోరు గుండ్రంగా తెరిచింది, చెవులు వెనక్కి అంటుకున్నాయి. మా మనవడు వెక్కిరిస్తోందని నవ్వి, తానూ అలాగే చేయబోయాడు. అది వెక్కిరింపు కాదు, మీదికొస్తానన్న బెదిరింపు. చూపు తిప్పుకుని, వాడి భుజం పట్టుకుని మెల్లగా వెనక్కి నడిచాను. పరుగెత్తకూడదు. సంచి లాగితే వదిలేయాలి. కాటు కంటే కంగారులో మిద్దె మీద నుంచి పడిపోవడమే ఒక్కోసారి పెద్ద ప్రమాదం.

పట్టి అడవిలో వదలమని మీ కాలనీవాళ్లు అడుగుతున్నారట. వదిలిన చోట ఇంకో ఊరి పంటల మీద పడతాయి, ఖాళీ అయిన చోటికి ఇంకో గుంపు వస్తుంది. నిర్మల్ జిల్లా చించోలిలో 2020 డిసెంబరులో మొదలైన కేంద్రంలో లాగా పట్టిన కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించడమే నాకు సరైన దారి అనిపిస్తుంది. కోతులను బెదరగొట్టడానికి కొండముచ్చును తెచ్చి కట్టేయడం మాత్రం వద్దు. అది చట్టరీత్యా నేరం, ఆ మూగజీవానికి హింస.

ప్రశ్న: మా దగ్గర గుట్టల వైపు ఉదయం నడకకు వెళ్తాను. ఎలుగుబంటి ఎదురైతే చెట్టెక్కాలా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు, అది మీకంటే బాగా ఎక్కుతుంది. ఎలుగుకు చూపు తక్కువ, వాసన ఎక్కువ. గాలి మీ వైపు నుంచి వీయకపోతే మీరు బాగా దగ్గరికి వెళ్లేదాకా దానికి తెలియదు, ఉలిక్కిపడి మీదపడుతుంది. అందుకే మాట్లాడుకుంటూ, కర్ర తాటిస్తూ వెళ్లండి. తెల్లవారాకే బయలుదేరండి. ఇప్పపూలు రాలే రోజుల్లో, పుట్టలు ఉన్న చోట మరీ జాగ్రత్త. దూరంగా కనిపిస్తే చప్పుడు లేకుండా వెనక్కి మళ్లండి. మీదపడితే బోర్లా పడుకుని వేళ్లు పెనవేసి మెడ వెనక పెట్టుకోండి, ముఖం నేలకు ఆనించండి. అది ముందుగా గాయపరిచేది ముఖం, తలే.

దారితప్పి కాలనీలోకి వస్తే అటవీశాఖకు చెప్పి, తలుపులు వేసుకుని, అది వచ్చిన గుట్ట వైపు దారి ఖాళీగా ఉంచండి. ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగితే దానికి మిగిలే దారి మనుషుల మీదుగానే.